గండికోట నమూనాకు వాడిన పనిముట్ల పెట్టె: ఎనిమిది నెలల తర్వాత

కడపలో ఆర్కిటెక్చర్ చదువుతున్న మా అక్క కొడుకు గండికోట నమూనా ఒకటి తయారు చేయాలని పూనుకున్నప్పుడు, కావలసిన పనిముట్లన్నీ ఒక్కచోట దొరుకుతాయన్న ఉద్దేశంతో ఆన్‌లైన్‌లో ఒక మోడల్ తయారీ పెట్టెను 2,640 రూపాయలకు తెప్పించాను. ఎనిమిది నెలలుగా ఇద్దరమూ దానితోనే పని చేశాం. ఈ ఎనిమిది నెలల్లో మేనల్లుడి తొడకు రెండు కుట్లు పడ్డాయి, నా కుడిచేతి వేళ్ళు రెండు కాలాయి, ఒక రాత్రి చేసిన పని మొత్తం కళ్ళముందే కరిగిపోయింది, మా బావగారు తాగకూడనిది నోటిదాకా తెచ్చుకుని వాసన తగిలి ఆగిపోయారు. వీటిలో కొన్నింటికి పెట్టె కారణం, కొన్నింటికి పెట్టెలో లేనివి కారణం, మిగిలినవి మా తొందరవల్ల జరిగినవి. కొనబోయేవారికి పదును, పట్టు, ధర ఎంత ముఖ్యమో ఈ సంగతులూ అంతే ముఖ్యమని నా నమ్మకం కనుక, పనిముట్ల బాగోగులతో పాటు వాటితో మాకు తగిలిన దెబ్బలను కూడా కలిపే రాస్తున్నాను.

పెట్టె మీద ఉన్న కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే సరుకు నాలుగైదు పేర్లతో, నాలుగైదు రంగుల డబ్బాల్లో అమ్ముడవుతోంది కాబట్టి పేరుకన్నా లోపల ఏమున్నదో చూసుకోవడం మేలు. మాకు వచ్చిన దానిలో లోహపు పిడి ఉన్న సన్న కత్తి ఒకటి, దానికి పన్నెండు విడి బ్లేళ్ళు, ప్లాస్టిక్ భాగాలను తుంచే చిన్న నిప్పర్, రెండు పట్టకార్లు, ఆరు చిన్న ఆకురాళ్ళు, నాలుగు రకాల ఉప్పు కాగితం, ఏ4 పరిమాణపు కటింగ్ మ్యాట్, పదిహేను సెంటీమీటర్ల స్టీలు స్కేలు, చేత్తో తిప్పే బెజ్జాల డ్రిల్లు, చిన్న చక్రాలు తిప్పి కోయడానికి, నునుపు చేయడానికి పనికొచ్చే ఛార్జింగ్ గ్రైండరు, థర్మాకోల్ కోసే వేడి తీగ, రెండు సూపర్ గ్లూ సీసాలు, ఒక గుడ్డ మాస్కు ఉన్నాయి. వాడే పద్ధతి చెప్పే కాగితం అరచేయంత ఉంది. అందులో బొమ్మలే తప్ప హెచ్చరిక ఒక్కటీ లేదు.

మా పని ఎంత సన్నదో చెబితే ఈ పనిముట్ల మీద ఎంత భారం పడిందో తెలుస్తుంది. జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండలను కోసుకుని పెన్నా నది పారే చోట లోయ సుమారు మూడు వందల అడుగుల లోతు ఉంటుందని చెబుతారు. మేము 1:200 నిష్పత్తి తీసుకున్నాం కనుక నమూనాలో అది ఒకటిన్నర అడుగు అవుతుంది. లోయ అంచున ఎర్ర ఇసుకరాతి కోటగోడ కొంత భాగం, దాని వెనుక ధాన్యాగారం చేయాలనుకున్నాం. ఈ లెక్కన ఐదున్నర అడుగుల మనిషి ఎనిమిది మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే ఉంటాడు. కోటకొమ్మలు ఒక్కొక్కటి బియ్యపు గింజకు కాస్త పెద్దవి. అంత చిన్నవి కోసేటప్పుడు కళ్ళు పనికి అంటుకుపోతాయి, చేతి పక్కన ఏమున్నదో మనసుకు పట్టదు. మాకు జరిగినవాటిలో సగం అటువంటి ఘడియల్లోనే జరిగాయి.

ముందుగా కత్తి. బ్లేడు ఉక్కు మంచిది. మొన సన్నగా, పదునుగా ఉండి, నమూనాలకు వాడే తేలికపాటి నురగ అట్టను, అదే ఐదు మిల్లీమీటర్ల సన్‌బోర్డును, నాలుగు తేలికపాటి గీతల్లో తెంపుతుంది. బ్లేడును బిగించే మర గట్టిగా పడుతుంది, పని మధ్యలో వదులు కాలేదు. పిడి మాత్రం పూర్తిగా గుండ్రం. బల్లమీద పెడితే ఆగదు, దొర్లుతుంది. మా ఇంట్లో పని బల్ల పైభాగం కడప బండ. ఈ నల్లని సున్నపురాతి బండను నేను ఈ పనికి ఇష్టపడి పెట్టించుకున్నాను, ఎందుకంటే అది కాలదు, థిన్నర్ ఒలికినా పాడవదు, నున్నగా ఉంటుంది. ఆ నున్నదనమే ఒక సాయంత్రం మా మీదికి వచ్చింది.

మేనల్లుడు కుర్చీలో కూర్చుని కోటకొమ్మలు కోస్తున్నాడు. కోసిన ముక్కను పట్టకారుతో ఎత్తడానికి కత్తిని పక్కన పెట్టాడు. కత్తి అర చుట్టు తిరిగి, ఒక్క క్షణం నిలిచినట్టే నిలిచి, బండ అంచు దాటింది. పడేదాన్ని పట్టుకోవడం మనిషి స్వభావం. చేతుల్లో పట్టకారు, ముక్క ఉండటంతో అతను మోకాళ్ళు దగ్గరికి చేర్చాడు. మొన ప్యాంటు గుడ్డను దాటి తొడలోకి దిగింది. కత్తి అలాగే నిలబడి ఉండటం నేను చూశాను. "ఏం కాలేదు మామా, గీసుకున్నట్టుంది" అంటూ అతను దాన్ని లాగేశాడు. గుడ్డ మీద మచ్చ అణా బిళ్ళంత నుంచి అరచేయంత కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. శుభ్రమైన తువ్వాలు మడిచి గట్టిగా అదిమి పట్టి, ఆ వీధి చివర ఉన్న డాక్టరుగారి దగ్గరికి తీసుకెళితే, రెండు కుట్లు వేసి ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ ఇచ్చారు. గాయం లోతు అర అంగుళం కన్నా తక్కువే. అదే మొన తొడ లోపలి వైపున ఉండే పెద్ద రక్తనాళం దగ్గర దిగి ఉంటే సంగతి వేరుగా ఉండేదని ఆయన చెప్పారు. ఇంటికి వచ్చాక "పడేదాన్ని పడనీ రా, బ్లేడు పది రూపాయలు" అని అతనితో అన్నాను. నిజానికి ఆ మాట ముందు రోజే చెప్పి ఉండాల్సింది నేనే.

మరుసటి రోజు సైకిల్ ట్యూబు ముక్కను చతురస్రంగా కోసి, మధ్యలో బెజ్జం పెట్టి, పిడి చివరికి తొడిగాం. అప్పటి నుంచి కత్తి దొర్లలేదు. తయారీదారు పిడిని ఆరు పలకలుగా చేసి ఉన్నా, బ్లేడుకు ఒక ప్లాస్టిక్ మూత ఇచ్చి ఉన్నా సరిపోయేది. మూత ఖరీదు రూపాయి కూడా ఉండదు. ఈ రెండూ లేకపోవడం ఈ పెట్టెలో నాకు కనిపించిన అతి పెద్ద లోపం. కొనేవారు కత్తి పిడి బొమ్మను పెద్దది చేసి చూసుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

బ్లేళ్ళ విషయంలో ఇంకొక మాట. పన్నెండు ఉన్నాయి కదా అని పొదుపు చేయకూడదు. మొద్దుబారిన బ్లేడుకు ఎక్కువ బలం పెడతాం, బలం పెట్టిన చేయి జారినప్పుడు ఆగదు. నా ఎడమ చూపుడువేలి కొసన చర్మం ఒక పొరగా లేచిపోయింది అలాగే. సన్‌బోర్డును ఒకే గీతలో తెంపాలని, మూడు రోజులుగా వాడుతున్న బ్లేడుతో నొక్కాను. బ్లేడు స్కేలు మీదికెక్కి వేలిమీదికి వచ్చింది. పెట్టెలోని స్కేలు ఒక మిల్లీమీటరు మందం కూడా లేదు, బ్లేడు దాని మీదికి ఎక్కడానికి అడ్డేమీ ఉండదు. పక్కకు వేలు పెట్టుకోవడానికి గట్టు ఉన్న మందపాటి స్కేలు వేరే కొన్నాను. పదిహేను సెంటీమీటర్ల స్కేలు ఇప్పుడు కొలవడానికే వాడుతున్నాం. కటింగ్ మ్యాట్ నాణ్యత బాగున్నా ఏ4 పరిమాణం చాలదు. అడుగు పొడవు గోడను కోస్తుంటే బ్లేడు మ్యాట్ దాటి బండను తాకింది, మొన విరిగి ఎగిరింది. ఆ ముక్క ఎక్కడ పడిందో ఎంత వెతికినా దొరకలేదు. ఆ గదిలో వారం రోజులు చెప్పులు లేకుండా ఎవరినీ తిరగనివ్వలేదు.

వాడేసిన బ్లేళ్ళను ఏం చేయాలో ఆ చిన్న కాగితంలో లేదు. మేము మొదటి నెల వాటిని మామూలు చెత్తలో వేశాం. ఒక ఉదయం చెత్తబండి దగ్గర పారిశుద్ధ్య కార్మికురాలు సంచిని చేత్తో అదిమి సర్దుతుండగా చూసి, లోపల బ్లేళ్ళున్నాయని గుర్తొచ్చి, పరుగెత్తుకెళ్ళి సంచి వెనక్కి తీసుకున్నాను. ఆమె చేతులకు గ్లోవ్స్ కూడా లేవు. అప్పటి నుంచి మూత బిగుతుగా ఉండే పాత రేకు డబ్బాకు పైన సన్నని చీలిక కోసి, అరిగిన బ్లేళ్ళన్నీ అందులో వేస్తున్నాం. నిండిన తర్వాత చీలికకు టేపు అంటించి పాత ఇనుము కొనే అతనికి, లోపల ఏముందో చెప్పి ఇవ్వాలని అనుకున్నాం.

సూపర్ గ్లూ సంగతి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఇది దాదాపు ప్రతి ఇంట్లో ఉండే వస్తువు, దీని గుణం మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఇది సయనోఅక్రిలేట్ అనే రసాయనం. మిగతా జిగురుల్లాగా ఆరి గట్టిపడదు, గాలిలోను, వస్తువు మీదను ఉన్న సన్నని తేమతో కలిసి గట్టిపడుతుంది. ఆ మార్పులో వేడి పుడుతుంది. ఒక చుక్క ప్లాస్టిక్ మీద పడితే ఆ వేడి తెలియనంత కొద్దిగా ఉంటుంది. నూలు గుడ్డ మీద, దూది మీద పడితే మాత్రం పోగుపోగునా జిగురు పరుచుకుని, ఆ పోగుల్లోని తేమతో ఒక్కసారిగా గట్టిపడి, వేడంతా ఒకేచోట పుడుతుంది. పొగ వచ్చేంత వేడి అది.

ఇది నాకు తెలిసింది చదివి కాదు. ధాన్యాగారం పైకప్పు అంటిస్తుండగా సీసా ఒరిగి జిగురు బండ మీద పారింది. అలవాటు ప్రకారం పక్కనున్న పాత బనియన్ గుడ్డ తీసుకుని తుడిచాను. మూడు నాలుగు క్షణాల్లో గుడ్డ వెచ్చబడింది, ఆ వెంటనే సన్నని తెల్లని పొగ లేచింది, కళ్ళలో ఘాటుగా మంట పుట్టింది. వదిలేద్దామంటే గుడ్డ బొటనవేలికి, చూపుడువేలికి అంటుకుపోయింది. మేనల్లుడు నా చేతిని పట్టుకుని కుళాయి కింద పెట్టాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే నేను ఆ గుడ్డను లాగేసి ఉండేవాణ్ణి, దానితో పాటు చర్మమూ వచ్చేది. చాలాసేపు నీళ్ళ కింద ఉంచి, తర్వాత గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెడితే గుడ్డ అంచుల నుంచి కొద్దికొద్దిగా వదిలింది. వేళ్ళ మీద రెండు బొబ్బలు లేచాయి. తగ్గడానికి పదిహేను రోజులు పట్టింది, అంతవరకు కత్తి పట్టలేకపోయాను.

ఈ జిగురు వాడేటప్పుడు నూలు గ్లోవ్స్ వేసుకోవడం రక్షణ కాదు, ఇంకా ప్రమాదం. లుంగీ మీద, నూలు ప్యాంటు మీద సీసా పెట్టుకుని పని చేయడమూ అంతే. ఒలికితే దాన్ని పాలిథీన్ కాగితంతో పక్కకు నెట్టడమో, అక్కడే గట్టిపడనిచ్చి తర్వాత గీకడమో మేలు. వేళ్ళు ఒకదానికొకటి అంటుకుంటే లాగకుండా సబ్బునీళ్ళలో నెమ్మదిగా దొర్లించినట్టు విడదీయాలి. గోళ్ళ రంగు తుడిచే అసిటోన్ కూడా ఈ జిగురును మెత్తబరుస్తుంది గానీ కంటి దగ్గరికి దాన్ని తీసుకుపోరాదు. కంట్లో జిగురు పడితే రెప్పలను బలవంతంగా తెరవకుండా, నీళ్ళతో కడుగుతూ వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పెట్టెలోని జిగురు పని విషయానికొస్తే, పట్టు బాగుంది. సీసా మూతి మాత్రం రెండో వారానికే మూసుకుపోయింది. మూసుకుపోయిన మూతిని సీసా నొక్కి తెరవబోవడం కంటికి జిగురు చిమ్మడానికి దగ్గరి దారి. సూదితో, సీసాను ముఖానికి దూరంగా పెట్టి తెరవాలి. సీసాను ఒరగకుండా నిలపడానికి, ఒక చెక్కముక్కలో సీసా పట్టేంత గుంట చేసి పెట్టుకున్నాం.

వేడి తీగ ఈ పెట్టెలోకెల్లా నాకు నచ్చిన వస్తువు. లోయ మొత్తాన్ని థర్మాకోల్ పొరలతో పేర్చాం కనుక దీని పని ఎక్కువ. తీగ సమంగా వేడెక్కుతుంది, పొర అంచు వెన్న కోసినట్టు వస్తుంది, పెన్నా గట్టు మీద కనిపించే అడ్డపు పొరల రాతిని దీనితో చాలా బాగా చూపించగలిగాం. వేడిని తగ్గించే మీట ఉండటం మంచి ఆలోచన. ఆ మీటను పూర్తిగా పైకి తిప్పి పని చేస్తే థర్మాకోల్ కోయబడటానికి బదులు మాడుతుంది. అప్పుడు వచ్చే పొగలో స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఉంటుంది, గొంతు గీరుకుపోతుంది, తల బరువెక్కుతుంది. పొగ కనిపించిందంటే వేడి ఎక్కువైందని అర్థం. పొగ రానంత వేడిలో, కిటికీ తెరిచి, కొంచెం నెమ్మదిగా కోస్తే అంచు కూడా నున్నగా వస్తుంది.

థర్మాకోల్ కరిగిన రాత్రి గురించి చెప్పాలి. కొండకు ఎర్రమట్టి రంగు వేయాలని బజారులో స్ప్రే డబ్బా కొన్నాం. పొద్దుపోయిందని పరీక్షించి చూడకుండానే కొట్టాం. స్ప్రేలో ఉన్న ద్రావకం థర్మాకోల్‌ను తినేస్తుంది. రెండు రోజుల పాటు పొరపొరగా పేర్చిన గట్టు కళ్ళముందే గుంటలు పడి, చిట్లి, కుంగిపోయింది. ఆ నష్టం పనికే తప్ప ఒంటికి కాలేదు కాబట్టి దాన్ని తలచుకుని బాధపడటం లేదు. తర్వాత ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి రెండు పూతలు పూసి, ఆరాక నీటి రంగులే వేశాం. నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమనిపించేది ఇంకొకటి. ఆ రాత్రి మేము స్ప్రే కొడుతున్న హాలు పక్కనే దేవుడి గది, అక్కడ దీపం వెలుగుతోంది. స్ప్రే డబ్బాలో రంగును తోసే వాయువు మండే స్వభావం కలది, థిన్నర్ ఆవిరీ అంతే. ఈ ఆవిరులు గాలికన్నా బరువు కనుక పైకి పోవు, నేలబారున పాకుతాయి. దీపం ఉన్నది నేలకు అడుగు ఎత్తున. మా అక్క వచ్చి "ఏందిరా ఈ వాసన, దీపం కనబడలేదా మీకు?" అని గద్దించే వరకు ఇద్దరికీ ఆ స్ఫురణే లేదు.

ఆ తర్వాత స్ప్రే పనులన్నీ మిద్దె మీదనే, అదీ ఎండ దిగాక. డబ్బా మీద 50 డిగ్రీల సెల్సియస్ కన్నా ఎక్కువ వేడి తగలనీయరాదని రాసి ఉంటుంది. మే నెలలో కడప నీడలోనే నలభై దాటే ఊరు. మిద్దె మీద రేకుల గదిలోనో, ఎండలో నిలిపిన కారులోనో ఆ డబ్బా ఉంటే ఆ హద్దు ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు. మా డబ్బాలు ఇప్పుడు మెట్ల కింద, గ్యాస్ సిలిండరుకు దూరంగా ఉంటున్నాయి.

మాస్కు విషయంలో ఈ పెట్టెను నేను క్షమించలేను. డబ్బా మీద రక్షణ మాస్కు అని పెద్ద అక్షరాలు. లోపల ఉన్నది ఒక్క పొర గుడ్డ. దాన్ని కట్టుకుని ఉప్పు కాగితంతో ఎండీఎఫ్ చెక్కను, అంటే చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకను, అరగంట నునుపు చేస్తే మాస్కు లోపలి వైపునే ధూళి గీత కనిపించింది. రక్షణ ఉందనుకుని ముఖాన్ని పనికి దగ్గరగా పెట్టేవాడికి అది అసలు లేకపోవడం కన్నా ఎక్కువ చేటు. ధూళికి ఎన్95 వంటి మాస్కు, మన దేశంలో అయితే ఐఎస్ 9473 ప్రమాణం ముద్ర ఉన్న మాస్కు కావాలి. ఎన్95 అన్నది గాలిలోని అతి సన్నని రేణువుల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుంది. రంగు, థిన్నర్, జిగురు ఆవిరులను మాత్రం అది కూడా ఆపదు. ఆవిరి రేణువు కాదు, గాలితో కలిసిపోయి లోపలికి వస్తుంది. దానికి ఆవిరిని పట్టి ఉంచే ఉత్తేజిత బొగ్గు నింపిన క్యాట్రిడ్జులు రెండు వైపులా ఉండే సగం ముఖపు మాస్కు వాడాలి. అది మాకు పదిహేను వందల దాకా పడింది. క్యాట్రిడ్జులు కొంతకాలానికి నిండిపోతాయి, మాస్కు పెట్టుకున్నా వాసన తెలుస్తోందంటే మార్చవలసి వచ్చిందన్నమాట. ధూళిని తగ్గించడానికి మాస్కు కన్నా ముందు చేయదగిన పని, నీళ్ళు తట్టుకునే ఉప్పు కాగితాన్ని తడిపి రుద్దడం. ప్లాస్టిక్‌కు, రెజిన్‌కు అది చక్కగా పనికొస్తుంది, ఎండీఎఫ్‌కు పనికిరాదు, ఉబ్బిపోతుంది.

పెట్టెలో లేనిదాన్ని బయట కొనడం వల్ల జరిగినది అన్నిటికన్నా పెద్దది. లోయ అడుగున పెన్నా నీటిని అద్దంలాంటి ప్లాస్టిక్ పలకతో, అంటే అక్రిలిక్ షీటుతో చూపించాలనుకున్నాం. అక్రిలిక్‌ను అతికించడానికి మన ఊళ్ళలో చాలామంది క్లోరోఫాం వాడతారు, మాకూ అదే చెప్పారు. ఒక దుకాణంలో అడిగితే పెద్ద డబ్బా నుంచి ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలోకి వంచి ఇచ్చారు. పేరు లేదు, హెచ్చరిక లేదు, నీళ్ళలా తేటగా ఉంది. మేనల్లుడు దాన్ని తెచ్చి బల్ల మీద, తాగే నీళ్ళ సీసా పక్కన పెట్టాడు. మధ్యాహ్నం ఎండనపడి వచ్చిన మా బావగారు చేతికందిన సీసా ఎత్తి మూత తీశారు. తియ్యటి వాసన ముక్కుకు తగిలి "ఇదేందిరా నాయనా?" అని దించేశారు. ఆయనకు జలుబు చేసి ఉంటే, వాసన తెలియకపోతే ఏమయ్యేదన్న ఆలోచన నన్ను ఈనాటికీ వదలలేదు. ఆ సాయంత్రమే వాడిన మేనల్లుడికి, కూలర్ కోసమని తలుపులు మూసిన గదిలో అరగంటకే తల తిరిగి వాంతి అయింది.

క్లోరోఫాం 1847 నుంచి శస్త్రచికిత్సల్లో మత్తుమందుగా వాడినది, కాలేయానికి, గుండెకు చేటు చేస్తుందని తర్వాతి కాలంలో విడిచిపెట్టినది. దాని ఆవిరి గాలికన్నా నాలుగు రెట్లు బరువు, కాబట్టి మూసిన గదిలో కూర్చున్నవాడి చుట్టే నిలుస్తుంది. వెలుతురు, గాలి తగులుతుంటే అది కొద్దికొద్దిగా ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. ప్రయోగశాలల్లో దాన్ని ముదురు గోధుమరంగు సీసాల్లో ఉంచేది ఆ కారణానికే. రంగులేని కూల్‌డ్రింక్ సీసాలో, కిటికీ పక్కన ఎండలో పెట్టిన మేము చేసినది ఎంత తప్పో ఇక్కడ దాచడం లేదు. ఆ సీసాను వంచి ఇచ్చిన దుకాణం చేసినదీ తప్పే. ఏ రసాయనాన్నయినా తినే తాగే వస్తువుల సీసాలో పోయడం, కొనడం, ఇంటికి తేవడం మానుకోవాలని కొనేవారిని, అమ్మేవారిని ఇద్దరినీ వేడుకుంటున్నాను. చివరికి మేము నీటిని అతికించనే లేదు. అక్రిలిక్ షీటుకు అంచుల్లో గాడులు కోయించి థర్మాకోల్ పొరల మధ్యకు దూర్చాం. చూడటానికి అదే మెరుగ్గా ఉంది.

గ్రైండరు గురించి ఎక్కువ చెప్పను. బెజ్జాలకు, నునుపుకు బాగుంది, ఛార్జింగ్ గంట వస్తుంది. దానితో ఇచ్చిన సన్నని కోత చక్రాలు మాత్రం పెళుసు. కొంచెం వంకరగా ఒత్తితే ఒకటి ముక్కలై, నా కళ్ళజోడు అద్దానికి తగిలి గీత పెట్టింది. ఆ గీత ఇప్పటికీ ఉంది. కంటి రక్షణకు పెట్టెలో ఏమీ ఇవ్వలేదు. పక్కలు మూసి ఉండే రక్షణ కళ్ళద్దాలు హార్డ్‌వేర్ దుకాణంలో నూట యాభైకి దొరికాయి. చక్రం తిరుగుతున్నప్పుడు దాని తిరిగే గీతకు ఎదురుగా ముఖం పెట్టకపోవడం, ఆడపిల్లలు వాడేటప్పుడు చున్నీని, జడను వెనక్కి కట్టుకోవడం తప్పనిసరి. నిప్పర్‌తో ప్లాస్టిక్ తుంచేటప్పుడు కూడా ముక్క ఎగురుతుంది కాబట్టి కళ్ళద్దాలు అక్కడా కావాలి. ఆకురాళ్ళు, పట్టకార్లు, చేతి డ్రిల్లు మీద నాకు ఫిర్యాదు లేదు.

ధర సంగతికి వస్తే, మేము తర్వాత కొన్న రెండు మాస్కులు, కళ్ళద్దాలు, గట్టు ఉన్న స్కేలు, పెద్ద మ్యాట్ కలిపితే మరో 2,700 దాకా అయింది. అంటే ఈ పెట్టె అసలు ధర 2,640 కాదు, ఐదు వేల మూడు వందలకు పైన. విద్యార్థులు కొనే ముందు ఆ మొత్తాన్ని లెక్కలో పెట్టుకోవాలి. చేతిలో అంత డబ్బు లేకపోతే గ్రైండరు లేని చిన్న పెట్టె కొని, మిగిలిన సొమ్ముతో కళ్ళద్దాలు, ధూళి మాస్కు కొనుక్కోవడం మేలని నేను చెబుతాను. పదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో అయితే తాళం పడే డబ్బా కూడా కావాలి, ఈ పెట్టెకు ఉన్నది అయస్కాంతపు మూత, చిన్న పిల్ల కూడా తీయగలదు. ఉక్కుకు, వేడి తీగకు కలిపి ఐదుకు మూడు ఇస్తున్నాను. పిడికి పలకలు, బ్లేడుకు మూత, నిజమైన మాస్కు, తెలుగులో ఒక పేజీ హెచ్చరికలు ఉంటే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. ఈ మాటలే అమ్మినవారికి రాశాను, జవాబు ఇంకా రాలేదు.

నమూనా పూర్తయింది. మొన్న మేనల్లుడి జూనియర్ అమ్మాయి ఒంటిమిట్ట గుడి గోపురం చేస్తానని ఈ పెట్టె అడిగి తీసుకెళ్ళింది. కత్తికి ట్యూబు ముక్క తొడిగి, జిగురు సీసాను చెక్కగుంటలో నిలిపి, కళ్ళద్దాలు, రెండు మాస్కులు, బ్లేళ్ళ డబ్బా ఒక సంచిలో వేసి దానితో పాటే ఇచ్చి పంపాను.